నడుం పట్టేస్తే నేరం పరుపుదేనా?

పొద్దున్నే లేచి పళ్ళు తోముకుందామని వాష్ బేసిన్ మీదకి వంగితే నడుం పట్టేయడం మీలో ఎంతమందికి అనుభవమో గానీ, మా టీములో మాత్రం ఎనిమిదిమందికి అయిదుగురం ఉన్నాం. ఇదేదో పెద్ద సర్వే కాదులెండి, ఓ రోజు మధ్యాహ్నం భోజనాల దగ్గర తేలిన లెక్క. విచిత్రమేంటంటే ఆ అయిదుగురిలో ఎవరికీ ఇంకా ముప్ఫై నిండలేదు. మా నాన్నగారికి అరవై రెండు, ఆయన పొద్దున్నే వంగి మొక్కలకి పాదులు చేస్తారు!

ఇక సలహాలకి కొదవేముంది. "ఆ మెత్తటి పరుపు అవతల పారేసి చాప మీద పడుకోరా, రెండ్రోజుల్లో అదే పోతుంది" అని మా అమ్మ. ముప్ఫై వేలు పెట్టి మెమరీ ఫోమ్ పరుపు కొనమని రూమ్మేట్. బోర్లా పడుకుంటే హాయిగా ఉంటుందని ఒకడు, బోర్లా పడుకుంటే నడుం గోవిందా అని ఇంకొకడు. అందరూ అడిగేది ఒకటే ప్రశ్న: ఎలా పడుకోవాలి? నేనూ కొన్నాళ్ళుగా దీని గురించి చదువుతున్నాను. నాకు అర్థమైంది ఏంటంటే, ప్రశ్న తప్పు కాదు గానీ, అది సగం ప్రశ్నే.

ముందు ఆ సగం సంగతి చూద్దాం. వెన్నెముకకి ఉండే సహజమైన వంపుని చెడగొట్టకుండా పడుకోవాలి, సూత్రం ఇంతే. వెల్లకిలా పడుకునేవాళ్ళు మోకాళ్ళ కింద ఒక దిండు పెట్టుకుంటే నడుం మీద లాగుడు తగ్గుతుంది. పక్కకి తిరిగి పడుకుంటే పైకాలు ముందుకి జారి నడుముని మెలిపెడుతుంది కాబట్టి మోకాళ్ళ మధ్య దిండు ఉండాలి. తలకింద దిండు ఎత్తు భుజానికీ చెవికీ మధ్య ఉండే ఖాళీకి సరిపోవాలి. బోర్లా పడుకుంటే మెడ రాత్రంతా ఒక పక్కకే తిరిగి ఉంటుంది, నడుం కిందకి కుంగుతుంది. అలా పడుకుంటే తప్ప నిద్రపట్టదనేవాళ్ళు పొత్తికడుపు కింద పల్చటి దిండు పెట్టుకోవడం మేలు.

ఇంత జాగ్రత్తగా పడుకున్నా, నిద్రలో మనిషి రాత్రంతా అటూ ఇటూ దొర్లుతూనే ఉంటాడు. అంటే మనం సెట్ చేసేది ఇనిషియల్ వాల్యూ మాత్రమే, ఆ తరవాత ప్రోగ్రాం దానిష్టం :-) అలా దొర్లడం మంచిదే కూడా. ఎంత గొప్ప భంగిమైనా ఏడెనిమిది గంటలు కదలకుండా ఉంటే ఒళ్ళు పట్టేస్తుంది. కాబట్టి "సరైన భంగిమ" కోసం రాత్రంతా నిద్ర మానుకుని కాపలా కాయక్కర్లేదు.

పరుపు సంగతికొస్తే, 2003లో లాన్సెట్ పత్రికలో స్పెయిన్ వాళ్ళ పరిశోధన ఒకటి వచ్చింది. చాలాకాలంగా నడుంనొప్పి ఉన్న 313 మందిని తీసుకుని, కొందరికి బాగా గట్టి పరుపులు, మిగతావాళ్ళకి మధ్యరకం గట్టి పరుపులు ఇచ్చి 90 రోజులు చూశారు. మధ్యరకం పరుపుల వాళ్ళకే ఎక్కువ ఉపశమనం కనిపించింది. అంటే 'ఎంత గట్టిదైతే అంత మంచిది' అనే మాట నిలబడలేదు. అలాగని మధ్యలో గుంటపడిన పాత పరుపు మీద పడుకోమని కాదు. మా తాతగారు నులకమంచం కాస్త సడలగానే కాళ్ళవైపు తాళ్ళు లాగి బిగించేవారు. మనం పదేళ్ళ పరుపుని కనీసం తిరగేసి కూడా వెయ్యం.

ఇప్పుడు మిగతా సగం. అసలు పొద్దున్న పూటే ఎందుకు బిగుసుకుంటుంది? వెన్నుపూసల మధ్య ఉండే డిస్కులు పగలంతా మన బరువు మోసి కొంత నీరు కోల్పోతాయి. రాత్రి పడుకున్నాక మళ్ళీ నీరు పీల్చుకుని ఉబ్బుతాయి. పొద్దున్న మనం ఒకటి రెండు సెంటీమీటర్లు పొడుగు ఉండేది అందుకే. 1999లో జర్మనీలో ఒక వాలంటీర్ నడుం డిస్కులో సెన్సార్ పెట్టి కొలిస్తే, పడుకునేటప్పుడు 0.1 మెగాపాస్కల్ ఉన్న ఒత్తిడి ఏడు గంటల నిద్ర తరవాత 0.24కి చేరింది. ఎలా పడుకున్నా డిస్కు ఉబ్బక మానదు, అది దాని ధర్మం. అలా ఉబ్బి ఉన్నప్పుడు ముందుకి వంగితే డిస్కు మీద పడే శ్రమ పగటికంటే చాలా ఎక్కువ. పొద్దున్న పూట ముందుకి వంగడం తగ్గించుకున్నవాళ్ళకి నొప్పి తగ్గిందని 1998లో స్పైన్ పత్రికలో వచ్చిన ఒక పరిశోధన చెప్పింది.

వాష్ బేసిన్ దగ్గర నడుం పట్టడానికి కారణం ఇదన్నమాట. మంచం దిగగానే కాలి బొటనవేళ్ళు అందుకునే ఆసనాలు వెయ్యడం కూడా నా ఉద్దేశంలో తొందరపాటే. కాసేపు ఇంట్లో తిరిగి, కాఫీ తాగి, అప్పుడు వెయ్యండి. మన పెద్దవాళ్ళు "కుడిపక్కకి తిరిగి, చెయ్యి ఆనించి లే" అంటారు చూశారూ, ఫిజియోథెరపిస్టులు నేర్పేదీ దాదాపు అదే. వెల్లకిలా ఉన్నవాళ్ళు ఒక్క ఊపున లేచి కూర్చోకుండా పక్కకి దొర్లి, కాళ్ళు కిందకి దించి, చేత్తో నెట్టుకుంటూ లేవాలి.

ఇంతవరకూ చెప్పింది మామూలు బిగుతు గురించి. అది లేచి తిరిగితే కాసేపట్లో వదిలిపోతుంది. అసలు నేనీ టపా రాయడానికి కారణం వేరే ఉంది.

ఆ అయిదుగురిలో ఒకడికి ఇరవై ఏడేళ్ళు. రెండేళ్ళలో మూడు పరుపులు మార్చాడు. దిండ్లకి లెక్కలేదు. పొద్దున్న వాడి నడుం గంటదాకా వదలదు. తెల్లవారుజామున మూడింటికో నాలుగింటికో నొప్పితో మెలకువ వచ్చి హాల్లో పచార్లు చేస్తాడు, అలా తిరిగితే కాస్త తగ్గుతుంది. ఆదివారం కదాని పూర్తిగా పడుకుంటే ఇంకా ఎక్కువవుతుంది. చూపించుకున్న డాక్టరు "మీ ఐటీ వాళ్ళందరికీ ఇదే గొడవ, రెస్ట్ తీసుకో" అని మాత్రలు రాసిచ్చారు. చివరికి ఎవరో చెబితే రుమటాలజిస్టు దగ్గరికి వెళ్ళాడు. అప్పుడు బయటపడింది, యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ అని.

ఇది కుర్చీ వల్లో పరుపు వల్లో వచ్చేది కాదు. రోగనిరోధక వ్యవస్థ పొరపడి సొంత వెన్నెముక కీళ్ళలోనే వాపు పుట్టిస్తుంది. చాలావరకు ఇరవైల్లో, ముప్ఫైల్లో మొదలవుతుంది. పట్టించుకోకపోతే కొందరిలో ఏళ్ళు గడిచేకొద్దీ పూసలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. తొలిదశలో ఎక్స్‌రేలో ఏమీ కనపడకపోవచ్చు. అందుకని ఎంఆర్ఐ, హెచ్ఎల్ఏ బీ27 రక్తపరీక్ష లాంటివి చేయిస్తారు. దీన్ని కనిపెట్టడానికి ఏళ్ళు పట్టడం మామూలే. తొందరగా తెలిస్తే మాత్రం వ్యాయామంతో, మందులతో చక్కగా అదుపులో పెట్టుకోవచ్చు. మావాడు ఇప్పుడు రోజూ ఈతకి వెళ్తున్నాడు.

కాబట్టి గుర్తుపెట్టుకోవాల్సింది ఇది. నొప్పి మెల్లగా మొదలై మూడు నెలలు దాటిందా? పొద్దున్న బిగుతు అరగంటకి మించి ఉంటోందా? విశ్రాంతితో పెరిగి కదిలితే తగ్గుతోందా? అర్ధరాత్రి దాటాక నిద్రలేపుతోందా? అయితే ఇంకో పరుపు ఆర్డర్ చెయ్యకుండా రుమటాలజిస్టుని కలవండి. కాళ్ళలో తిమ్మిరో బలహీనతో వచ్చినా, జ్వరం ఉన్నా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా డాక్టరు దగ్గరికి వెళ్ళడం వాయిదా వెయ్యొద్దు. మూత్రం మీద పట్టు తప్పితే మాత్రం ఆ క్షణమే ఆసుపత్రికి వెళ్ళాలి.

మనవాళ్ళలో నేను చూసిన జబ్బు ఒకటుంది. నొప్పి రాగానే దానికి ఒక వస్తువు వెతుకుతాం. కుర్చీ, దిండు, పరుపు, నడుంబెల్టు... రేటింగులు చూస్తాం, రివ్యూలు చదువుతాం. పగలు పది గంటలు కదలకుండా కూర్చున్న సంగతి మాత్రం ఎవరూ మాట్లాడరు. రాత్రి పడుకున్న ఏడు గంటల మీదే నేరమంతా మోపుతాం. పైగా నొప్పికి మందు మంచమే అనుకుంటాం. మామూలు నడుంనొప్పికి రెండు రోజుల పడక సలహా, ఏడు రోజుల పడక సలహా రెండూ పోల్చి చూస్తే కోలుకోవడంలో తేడా ఏమీ లేదని 1986లోనే తేలింది, తక్కువ రోజులు పడుకోమన్నవాళ్ళు త్వరగా పనిలోకి వెళ్ళారు, అంతే.

కనక ఇవాళ రాత్రి మీకు నచ్చినట్టే పడుకోండి, కావాలంటే ఒక దిండు అదనంగా పెట్టుకోండి. రేపు పొద్దున్న మాత్రం లేచాక ఒకసారి గడియారం చూడండి. నడుం ఎన్ని నిమిషాలకి వదిలిందో ఓ వారంపాటు రాసుకోండి. మీ పరుపు బ్రాండు కంటే డాక్టరుకి ఆ లెక్కే ఎక్కువ పనికొస్తుంది.