ఇతరములు

"సంచికకు ఏదైనా రాయి, ప్రేమ మీద మాత్రం వద్దు, ఇప్పటికే మస్తుగా వచ్చాయి" అన్నాడు మా యూనియన్ సెక్రటరీ. సరే, నేను "ఇతరములు" మీద రాస్తున్నాను. నవ్వకండి. ఆ మాటతో నాకో బాకీ ఉంది.

మాది పులివెందుల పక్కన వేముల. తుమ్మలపల్లె యురేనియం గని మా మండలంలోనే ఉంది గనుక పేపర్లలో ఆ పేరు చూసే ఉంటారు. నిరుడు వేసవి సెలవుల్లో, బస్సు ఖర్చులకైనా వస్తాయని, మా ఊరికి దూరంగా ఒక ఆఫీసులో అర్జీలు కంప్యూటరులోకి ఎక్కించే పనికి కుదిరాను. ఏ ఆఫీసో చెప్పను. తప్పులో పెద్ద వాటా నాదే.

సోమవారం వచ్చిందంటే జనమే జనం. కొందరు రాయించుకొచ్చేవారు, కొందరు నోటితో చెప్పేవారు. ప్రతి అర్జీకీ తెర మీద ఒక గడి నింపాలి. భూమి, నీళ్లు, పింఛను, పోలీసు... ఏదీ కుదరకపోతే చిట్టచివర "ఇతరములు". వెనకాల క్యూ, పైనుంచి తొందర. నా వేలు దానంతటదే ఆ చివరి గడి మీదికి పోయేది.

ఒక ముసలాయన వచ్చాడు. "మా ఊరి హోటల్లో మా పేటోళ్లకు వేరే గ్లాసు పెట్టినారు నాయనా. తాగినాంక మేమే కడిగి గోడ మీద బోర్లించాల" అన్నాడు. నేను టకటకా కొట్టాను: "హోటలులో గ్లాసుల సమస్య". శాఖ: ఇతరములు. మూడు వారాలకు జవాబొచ్చింది. హోటలు తనిఖీ చేశారట, గ్లాసులు శుభ్రంగా ఉన్నాయట, అర్జీ పరిష్కరించడమైనదట.

శుభ్రంగా ఉండక ఏం చేస్తాయి! కడిగేది ఆయనే గదా.

ఆయన మళ్లీ వచ్చాడు. ఈసారి పక్క సీటు కుర్రాడు ఎక్కించాడు. ఇంటిపేరు నేను ముందు రాస్తే అతను వెనక రాశాడు. కంప్యూటరుకు ఇద్దరు మనుషులయ్యారు. లెక్క చూడండి: అర్జీదారులు ఇద్దరు, అర్జీలు రెండు, పరిష్కారాలు రెండు. ఉన్నది మాత్రం ఒక ముసలాయన, ఒక గ్లాసు.

రాజ్యాంగం 17వ అధికరణంతో అంటరానితనం రద్దయింది. 1955లో ఒక చట్టం, 1989లో ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం, 1995లో దానికి నియమాలు. వాటి ప్రకారం కలెక్టరు అధ్యక్షతన కమిటీ మూడు నెలలకొకసారైనా కూర్చోవాలి. కానీ కమిటీ చూసేది కాగితాన్ని. "ఇతరములు"లో పడ్డది ఆ బల్ల దాకా ఎట్లా పోతుంది? దేశం మొత్తం నేరాల లెక్కలో కూడా ఒక కేసులో పలు నేరాలుంటే అన్నిటికన్నా పెద్దదాని కిందే కడతారు. చిన్నవి దాని నీడలో పడి కనబడవు. 1985లో కారంచేడు, 1991లో చుండూరు అందరికీ తెలిశాయంటే శవాలు లేచాయి గనుక. గ్లాసుకు శవం ఉండదు.

మూడోసారి ఆయన నా ముందే కూర్చున్నాడు. "ఇది మూడో తూరి నాయనా" అన్నాడు, కోపం లేకుండానే. అది ఇంకా కష్టమనిపించింది. ఆ రాత్రి చట్టం తెరిచి చూశాను. నోటితో చెప్పిన ఫిర్యాదును రాసుకున్న తర్వాత, సంతకానికి ముందు చెప్పినవాడికి చదివి వినిపించాలని 2015 సవరణ పోలీసులకు చెబుతోంది. 2016 జనవరి 26 నుంచి అమల్లో ఉంది. నేను పోలీసును కాను, అయినా మర్నాడు ఆయన్ను పిలిపించి, రాసింది చదివాను.

"హోటల్లో గ్లాసులు కాదు నాయనా," అని ఆపాడు. "మాకు వేరే గ్లాసు అని రాయి."

రాశాను. ఏ రోజు, ఎవరి హోటలు, పక్కన ఎవరున్నారు, ఏ మాట అన్నారు, అన్నీ రాశాను. అత్యాచారాల ఫిర్యాదులకు 2021 డిసెంబరులో పెట్టిన 14566 నంబరు కూడా చీటీ మీద రాసి జేబులో పెట్టాను. అక్కడ ఫిర్యాదుకు ఒక సంఖ్య ఇస్తారు, అది పోగొట్టుకోవద్దని రెండుసార్లు చెప్పాను.

కాలేజీ తెరిచే రోజుకు ఆ అర్జీ "విచారణలో ఉన్నది". ముందరి రెండూ మాత్రం "పరిష్కరించడమైనది" అనే ఉన్నాయి. మార్చమని అడిగాను. మూసిన అర్జీ మళ్లీ తెరుచుకోదన్నారు.