నేలకొండపల్లి స్తూపము కడ తీసిన చిన్న పటము

ఖమ్మము పట్టణమునకు సుమారు 20 కిలోమీటర్ల దూరమున నేలకొండపల్లి గలదు. భద్రాద్రి రామునకు కోవెల గట్టించి గోలకొండ చెరసాలలో మ్రగ్గిన కంచర్ల గోపన్న, అనగా మన రామదాసు, జన్మించిన యూరిదియే. విరాటరాజు రాజధానియు నిదియే యని యిచటివారి నమ్మకము. ఊరి వెలుపల ప్రాచీనమైన మట్టికోట యానవాళ్లును, ఇటుకలతో గట్టిన గొప్ప బౌద్ధ స్తూపమును, విహారముల పునాదులును నేటికిని కనబడుచున్నవి. త్రవ్వకములలో కంచు బుద్ధవిగ్రహము కూడ దొరకినది.

2011వ సంవత్సరమున, సంక్రాంతి వెళ్లిన వారములో, మా అత్తగారితో గూడి నేనచటికి మొదటిసారి పోయితిని. రామదాసు మందిరమున దండము పెట్టుకొని, పొలముల నడిమి బాటను స్తూపము కడకు చేరునప్పటికి ప్రొద్దు వాలుచుండెను. ఆమె ఫోటో తీయించుకొన నిష్టపడు మనిషి కాదు. ఎవరైన కెమెరా యెత్తినచో ముఖము బిగుసుకొనిపోవును. ఆనాడు మాత్రము స్తూపము నీడను కూర్చుండి, మోకాళ్లు ఒత్తుకొనుచు, “అమ్మాయీ, ఇన్ని ఇటుకలు మోసిన వాళ్లకి ఎంతమంది ఆడవాళ్లు అన్నం వండి పెట్టారో!” అని నవ్వినది. నా చేతిలోని బటన్ల ఫోనుతో ఆ నవ్వును తీసితిని. ఆమెకు తెలియనే తెలియదు.

నిరుడు ఆమె కాలము చేసినది. సంవత్సరీకమునకు పెద్ద పటము కట్టింపదలచి వెదకగా, ఉన్నవన్నియు కార్డులకై తీసిన బిగుసుకొన్న ముఖములే. నవ్విన పటమదొక్కటియే. దానిని ఫోటో స్టూడియోకు గొనిపోతిని. అచటి యబ్బాయి కంప్యూటరులో పెద్దది చేసి చూపగా కన్నులున్న చోట రెండు నల్లని మచ్చలు, నోరున్న చోట నొక గీత మాత్రమే మిగిలెను.

కారణమాతడు చక్కగా బోధించెను. ఆ ఫోను తీయు బొమ్మ అడ్డముగా 640, నిలువుగా 480 చుక్కలు. మొత్తము 3,07,200. స్తూపమంతయు బొమ్మలో పట్టవలెనని నేను దూరముగా నిలిచితిని గనుక, ఆమె ముఖమునకు దక్కినవి అడ్డముగా 40 చుక్కలు మాత్రమే! కటకము వెనుక వెలుగును గ్రహించు పలక పెసరగింజంత. సాయంకాలపు వెలుగు దానికి చాలదు. అందుచేతనే నీడలలో ఇసుక చల్లినట్లు రంగుల నలుసులు పడినవి. కటకము దూరమును బట్టి సవరించుకొనునది కాదు. పైగా చోటు మిగుల్చుటకై బొమ్మను కుదించి దాచుటచే అంచులు గళ్లుగళ్లుగా విరిగినవి. ఆనాడు బస్సు కిటికీనుండి తీసిన తాటిచెట్లన్నియు నొక ప్రక్కకు ఒరిగియుండుటకును హేతువు తెలిసినది. ఆ పలక బొమ్మ నొక్కసారిగా గాక వరుస వెంబడి వరుసగా చదువునట. ఆ లోపల బస్సు ముందునకు సాగిపోవును.

అయినను ఆ చిన్న కెమెరాలను నిందింప మనసొప్పదు. 1997 జూన్ 11న అమెరికాలో ఫిలిప్ కాన్ అనునాతడు ప్రసూతి వైద్యశాలలో కెమెరాను, ఫోనును, కంప్యూటరును జతపరచి, అప్పుడే పుట్టిన తన కూతురి బొమ్మను బంధుమిత్రులకు పంపెను. 2000లో జపానున వెలువడిన షార్ప్ కెమెరా ఫోనుకు 1,10,000 చుక్కలే. 2002లో వచ్చిన నోకియా 7650కు మూడు లక్షల పైచిలుకు. మన పల్లెలలో నింటింట మ్రోగిన నోకియా 1100, 2003 నాటిది. దానికి టార్చిలైటు కలదుగాని కెమెరాయే లేదు. ఫోటో యనిన పెండ్లికో, పరీక్షకో తీయించుకొనునదిగా నుండిన యిండ్లలో, పనిపాటల నడుమ నవ్విన ఆడుదాని ముఖమును మొదట పట్టినవి ఆ నాసిరకపు కెమెరాలే కదా!

స్టూడియో యబ్బాయి మరియొక యుపాయము చెప్పెను. కృత్రిమ మేధతో నిమిషములో ముఖమును తేటపరచి యిచ్చెను. కన్నులు తీరినవి, పలువరుస మెరసినది, ముడుతలు పోయినవి. ముక్కు ప్రక్కనున్న పుట్టుమచ్చయు పోయినది! మా చిన్నవాడు చూచి, “ఈమె ఎవరమ్మా?” అని యడిగెను. పోయిన చుక్కలను ఆ యంత్రము తిరిగి తేలేదు. తాను చూచిన వేలకొలది యితరుల ముఖములనుబట్టి యూహించి నింపును. ద్రౌపది విరాటుని కొలువున సైరంధ్రియై మెలగినను ద్రౌపదియే. ఈ పటమునందో, అలంకారమంతయు నున్నది గాని మా అత్తగారు లేరు. వలదని తిరిగి యిచ్చివేసితిని.

ఈ యేడు మరల నేలకొండపల్లి పోయితిమి. ఇప్పటి నా ఫోను 5 కోట్ల చుక్కలు గ్రహించును. స్తూపమును తీసి పెద్దది చేసినచో ఇటుకల సందులు సైతము లెక్కింపవచ్చును. ఆమె కూర్చున్న చోటును గూడ తీసితిని. అచట గడ్డిపోచలు సైతము స్పష్టముగా పడినవి.

సోదరీమణులారా! మీ పెట్టెలలో పాత ఫోనులున్నచో నేడే తీసి చూడుడు. బ్యాటరీ ఉబ్బక మునుపే, సరిపడు ఛార్జరు దొరకునప్పుడే, అందలి బొమ్మలను మెమరీకార్డునకో కంప్యూటరునకో మార్చి, రెండు చోటుల దాచుకొనుడు. అచ్చు వేయింపదలచినచో అంగుళమునకు 300 చుక్కల లెక్క చూచుకొనుడు. 640 చుక్కల బొమ్మ రెండంగుళముల వెడల్పున చక్కగా వచ్చును.

నేనట్లే చేయించితిని. పూజగూటి ప్రక్కన, అగ్గిపెట్టెకన్న నించుక పెద్దదైన ఆ పటమున్నది. దూరమునుండి చూచువారికి స్తూపమే కనబడును. మా చిన్నవాడు మాత్రము ముక్కు తగులునంత దగ్గరగా పోయి, “నానమ్మ నవ్వుతోంది” అనుచుండును.