గీత మీద బంతి

చిన్నపిల్లల టెన్నిస్ పోటీలు ఎప్పుడైనా చూశారా? పన్నెండేళ్ల లోపు వాళ్లవి. చూడకపోతే ఈసారి మీ ఊళ్లో ఎక్కడ జరిగినా ఓ పూట వెళ్లి, కంచె బయట నిలబడి చూడండి. టీవీలో కనిపించే ఎత్తు కుర్చీ, అందులో అంపైరు, గీతల వెంబడి నిలబడే మనుషులు, ఇవేవీ చాలా కోర్టుల్లో ఉండవు. ఇద్దరు పిల్లలు, మధ్యలో నెట్టు. తన వైపు పడ్డ బంతి లోపల పడిందో బయట పడిందో ఎవరికి వాళ్లే చెప్పుకోవాలి.

ఆట 4-4 దగ్గర ఉందనుకోండి. అవతలి అమ్మాయి బలంగా కొట్టింది. బంతి గీత అంచున పడి, ఇవతలి పిల్లకు అందకుండా పోయింది. ‘అవుట్’ అంటే పాయింటు ఇవతలి పిల్లది, అనకపోతే అవతలి పిల్లది. దగ్గర నుంచి చూసింది ఇవతలి పిల్ల ఒక్కతే. నియమం మాత్రం చాలా స్పష్టంగా ఉంది: బంతి గీతను ఏ కాస్త తాకినా లోపలిదే. అనుమానం వస్తే ఆ బంతి లోపల పడినట్టే లెక్క. చెప్పేదేదో వెంటనే, అవతలికి వినపడేలా చెప్పాలి. కంచె బయట ఉన్న అమ్మానాన్నలు నోరెత్తడానికి లేదు.

మన వీధి ఆటల్లో తొండి చేస్తే పట్టుకోవడానికి చుట్టూ పదిమంది ఉంటారు. ఇక్కడ తొండి చెయ్యకుండా ఆపేది ఆ పిల్ల మనసొక్కటే. పదేళ్ల పిల్ల చేతికి, తనకే నష్టం తెచ్చే తీర్పు చెప్పే బాధ్యత మనం ఇంకెక్కడ ఇస్తున్నాం చెప్పండి? బళ్లో టీచరు దిద్దుతుంది, ఇంట్లో మనం దిద్దుతాం. టెన్నిస్ కోర్టులో ఎవరూ దిద్దరు. నాకు ఈ ఆటంటే గౌరవం ముఖ్యంగా ఇందుకే.

అవతలి పిల్ల తొండి చేస్తేనో అంటారా? చేస్తారండీ, పిల్లలు కదా. అప్పుడు చెయ్యాల్సిన పద్ధతి కూడా ఆటలోనే ఉంది. మట్టి కోర్టయితే బంతి పడ్డ గుర్తు చూపించమని అడగొచ్చు. సిమెంటు కోర్టయితే ‘సరిగ్గా చూశావా?’ అని మర్యాదగా అడగొచ్చు. అప్పటికీ తేలకపోతే, కోర్టుల మధ్య తిరుగుతుండే అంపైర్ని పిలుచుకోవచ్చు. ఏడవకుండా, అరవకుండా, తన మాట తను చెప్పుకుని మళ్లీ వెళ్లి సర్వ్ చెయ్యాలి. ఆస్తి పంపకాల దగ్గర, ఆఫీసుల్లో, ఈ ఒక్కటీ చేతకాక పెద్దవాళ్లం ఎన్ని బంధాలు తెంచుకుంటున్నామో మీకు తెలియంది కాదు.

ఈ అలవాటు పెద్దయ్యాక నిలుస్తుందా అంటే, అమెరికా టెన్నిస్ ఆటగాడు ఆండీ రాడిక్ సంగతి చెబుతాను. 2005, రోమ్ టోర్నీ. ఎదురుగా స్పెయిన్ ఆటగాడు ఫెర్నాండో వెర్దాస్కో. రాడిక్ మొదటి సెట్టు గెలిచి, రెండో సెట్టులో మ్యాచ్ పాయింటు దాకా వచ్చాడు. వెర్దాస్కో రెండో సర్వ్ బయట పడిందన్నారు. అంటే డబుల్ ఫాల్ట్, రాడిక్ గెలిచినట్టే. రాడిక్ మాత్రం మట్టి మీద గుర్తు చూపించి, బంతి గీతను తాకిందని తానే చెప్పాడు. తీర్పు మారింది, ఆట సాగింది, చివరికి రాడిక్ ఓడిపోయాడు. అతను గెలిచిన ఎన్నో మ్యాచ్‌ల కంటే ఈ ఓడిన మ్యాచ్‌నే నేను పిల్లలకు ముందు చెబుతాను.

ఓటమి మాటొచ్చింది కనుక ఇంకో సంగతి. టెన్నిస్ దిగ్గజం రోజర్ ఫెదరర్ 2024లో అమెరికాలోని డార్ట్‌మత్ కాలేజీ స్నాతకోత్సవంలో తన లెక్కే చెప్పాడు. ఆడిన సింగిల్స్ మ్యాచ్‌లు 1,526. అందులో దాదాపు 80 శాతం గెలిచాడు. కానీ పాయింట్లలో గెలిచింది 54 శాతమే! అంతటివాడికీ దాదాపు సగం పాయింట్లు పోయాయన్నమాట. పాయింటుకూ పాయింటుకూ మధ్య దొరికేది 25 సెకన్లు. ఆ కాస్త సమయంలో, పోయినదాన్ని వదిలేసి, తువ్వాలుతో మొహం తుడుచుకుని, రాబోయే బంతి మీద మనసు పెట్టాలి. ఒక్క పూటలో ఇది ఎన్నిసార్లు చెయ్యాల్సొస్తుందో ఊహించండి. లెక్కల పరీక్షలో మొదటి ప్రశ్న రాకపోతే మిగతావన్నీ తప్పు చేసే పిల్లలకు ఇంతకంటే మంచి సాధన నాకు తెలీదు.

పోయినదాన్ని వదిలి ముందుకెళ్లడానికి ఉదాహరణ మన దగ్గరే ఉంది. మన హైదరాబాద్ సానియా మీర్జా ఆరేళ్లకే రాకెట్ పట్టింది. పేడతో అలికిన కోర్టుల మీద ఆడేదాన్నని ఆమే చెప్పుకుంది. 2007లో సింగిల్స్‌లో 27వ ర్యాంకు దాకా వెళ్లింది. మణికట్టుకు శస్త్రచికిత్స, మోకాళ్ల బాధలు. 2013లో సింగిల్స్ మానేసింది. అక్కడితో ఆగిపోయినా ఎవరూ తప్పుపట్టేవారు కాదు. ఆమె డబుల్స్ మీద దృష్టి పెట్టి 2015లో ప్రపంచంలో మొదటి స్థానానికి చేరింది. ఆ ఏడే మార్టినా హింగిస్‌తో కలిసి వింబుల్డన్, యూఎస్ ఓపెన్ గెలిచింది. డబుల్స్ ఇంకో బడి. పక్కనున్నవాళ్లు బంతి నెట్టుకు కొడితే మొహం మాడ్చుకోకుండా దగ్గరికెళ్లి చెయ్యి కలపాలి.

అయితే ఒక మాట మనసులో ఉంచుకోండి. మరో పెద్ద ఆటగాడు ఆంద్రే అగస్సీ తన ఆత్మకథలో, టెన్నిస్ అంటే తనకు ద్వేషమని రాసుకున్నాడు. చిన్నప్పుడు తండ్రి పెట్టిన ఒత్తిడి అలాంటిది. రాకెట్ కొనిచ్చినంత మాత్రాన గుణం రాదు. తొండి చేసి గెలిచొచ్చిన పిల్లాడికి ఐస్‌క్రీము, నిజం చెప్పి ఓడొచ్చిన పిల్లాడికి చీవాట్లు దొరికితే, ఆట నేర్పినదంతా ఇంటికొచ్చే దారిలోనే పోతుంది. అందుకే ‘గెలిచావా?’ అని అడక్కండి. గీత మీద పడ్డ బంతి ఏదైనా వచ్చిందా, అప్పుడేం చేశావు అని అడగండి. బోలెడు కబుర్లు చెబుతారు.

మీ పిల్లల్ని టెన్నిస్‌లో చేర్పించాలనుకుంటే చివరగా ఒక మాట. మరీ చిన్నపిల్లలైతే మామూలు పసుపు బంతితో మొదలుపెట్టకండి. అది వాళ్ల తల మీంచి ఎగిరిపోతుంది, ఆట మీద విసుగు పుడుతుంది. ముందు ఎర్ర బంతి, చిన్న కోర్టు. తర్వాత నారింజ రంగుది, ఆ తర్వాత ఆకుపచ్చ చుక్కది. ఎర్ర బంతి మామూలు బంతి కంటే 75 శాతం నెమ్మది. పదేళ్ల లోపు పిల్లల పోటీల్లో ఇలాంటి నెమ్మది బంతులే వాడాలని అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య 2012లోనే నియమం పెట్టింది. చేర్పించడానికి వెళ్లినప్పుడు, ఫీజు సంగతికంటే ముందు ఎర్ర బంతులున్నాయా అని అడగండి.