దేవమాలి కింద రెండు రాత్రులు

మాది జయపురం. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఉదారంగా విరాళాలిచ్చిన విక్రమదేవవర్మ మహారాజుగారి ఊరు. 1936లో ఒడిశా ఏర్పడేవరకూ ఈ ప్రాంతం విశాఖపట్నం జిల్లాలోనిదే కనుక, ఇక్కడ స్థిరపడిన మా తాతగారికి పరాయి రాష్ట్రం వచ్చాననే తలపే లేదు. ఇంత పాతకాపులమైనా, మా కొరాపుట్ జిల్లాలోనే ఉన్న దేవమాలి శిఖరం మీద సూర్యోదయం ఎలా ఉంటుందో మేం చూడలేదు. 1672 మీటర్ల ఎత్తుతో ఒడిశాలోకెల్లా ఎత్తైన కొండ అది.

"బదిలీలు, ఆడిట్లు అంటూ ఇరవై ఏడేళ్లు గడిపేశారు. ఒక్క సూర్యోదయం చూపించండి, చాలు" అన్నది మా శ్రీమతి. తెల్లవారేసరికి అక్కడ ఉండాలంటే ముందు రాత్రి కొండ దగ్గరే పడుకోవాలి. అంటే టెంటు కావాలి.

నేను కామర్స్ చదివినవాణ్ణి. బ్యాంకులో కుర్చీలు కొన్నా, బీరువాలు కొన్నా తక్కువ కొటేషన్‌కే ఓటు. టెంటు విషయంలోనూ అదే చేశాను. 'నలుగురికి సరిపోతుంది' అని రాసి ఉన్న టెంటు 1,800 రూపాయలకే దొరికింది. ఇంట్లో ఉన్న గాలి పరుపు, రెండు బొంతలు, ఒక కుంపటి కారులో వేసుకుని రెండేళ్ల కిందట డిసెంబరులో బయలుదేరాం. సిమిలిగుడ దాటాక, కొండ దిగువన ఒక రైతును అడిగితే తన పొలం పక్కన టెంటు వేసుకోమన్నాడు. వాగు పక్కన పల్లంలో చోటు ముచ్చటగా కనిపించింది. అక్కడే వేశాం.

రాత్రి పదింటికి చలి మొదలైంది. పైన రెండు బొంతలున్నా వీపు మంచుగడ్డ మీద ఉన్నట్టుంది. పన్నెండింటికి టెంటు పైకప్పు నుంచి చుక్కలు రాలసాగాయి. వాన లేదు, మా ఊపిరిలోని తేమే చల్లటి బట్టకు తగిలి నీరవుతున్నది. బొంతలు తడిశాయి. మా శ్రీమతికి వణుకు ఆగలేదు, మాట తడబడుతున్నది. నాకు కాళ్లూ చేతులూ ఆడక, బయట ఉన్న కుంపటిలో బొగ్గులు రాజేసి లోపల పెట్టి, గాలి రాకుండా టెంటు జిప్పు బిగించాను. పది నిమిషాల్లో హాయిగా మగతగా అనిపించింది. చలి తగ్గిందనుకున్నాను.

మా అదృష్టం, ఆ రైతుకు మా సంగతి మనసులో మెదిలి లాంతరు పట్టుకుని చూడవచ్చాడు. జిప్పు లాగి, కుంపటిని కాలితో బయటికి తన్ని, మమ్మల్ని చెయ్యిపట్టి లేపాడు. "మూసిన గదిలో నిప్పు మనిషిని నిద్రలోనే తీసుకుపోతుంది బాబూ" అని దేశియా భాషలో మందలించాడు. మిగిలిన రాత్రి వాళ్ల ఇంట్లో పొయ్యి దగ్గర కూర్చున్నాం. సూర్యోదయం చూడకుండానే ఇంటికి వచ్చాం.

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. బొగ్గులు పొగ లేకుండా మండినా కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. నాకు హాయిగా అనిపించిన ఆ మగత దాని పనే. టెంటులో కుంపటి గానీ స్టవ్ గానీ వెలిగించనే కూడదు.

తర్వాత ఏడాదంతా తెలిసినవాళ్లను అడిగి, చదివి, మళ్లీ లెక్క రాశాను. ఈసారి ధర చూడక ముందు పని చూశాను.

అన్నిటికంటే ముఖ్యం టెంటు కాదు, కింద పరిచే చాప. ఒంట్లోని వేడిని నేల లాగేసుకుంటుంది. మామూలు గాలి పరుపులో గాలి అటూ ఇటూ తిరిగి చలిని పైకి తెస్తుంది. మందపాటి ఫోమ్ చాపలు రెండు, 1,000 రూపాయలు. వాటి కింద రైతు ఇచ్చిన ఎండుగడ్డి, ఖర్చు లేదు.

రెండోది స్లీపింగ్ బ్యాగు. దాని మీద రెండు మూడు ఉష్ణోగ్రతలు రాస్తారు. సుఖంగా నిద్రపట్టే ఉష్ణోగ్రత ఒకటే చూడాలి. మిగతావి ఓర్చుకోగలిగిన హద్దులు. 5 డిగ్రీల బ్యాగులు రెండు, 5,000.

మూడోది టెంటు. ఇద్దరికని రాసి ఉంటే ఇద్దరూ భుజాలు రాసుకుంటూ పడుకోవాలి. కాబట్టి ఇద్దరికి ముగ్గురి టెంటు. లోపల జాలీబట్ట, పైన విడిగా ఇంకొక కప్పు ఉండాలి. అప్పుడు తేమ పైకప్పుకు పట్టి పక్కలకు జారిపోతుంది, మన మీద పడదు. కారులో వెళ్లేవాళ్లకు బరువుతో పనిలేదు కనుక తేలికపాటి అల్యూమినియం కడ్డీల కోసం డబ్బు పొయ్యక్కరలేదు, ఫైబర్ కడ్డీలు చాలు. 4,500. తలకు కట్టుకునే టార్చిలైట్లు రెండు, 800.

మొత్తం 11,300. గిన్నెలు, ఫ్లాస్కు, ఉన్ని టోపీలు, మేజోళ్లు ఇంట్లోవే. మడతకుర్చీలు, మడతబల్ల కొనలేదు. ముందు ఒక రాత్రి మేడ మీద టెంటు వేసి, బిందెతో నీళ్లు పోసి చూశాం. ఇరుగుపొరుగువారు నవ్వారు, నవ్వనీండి.

కిందటి డిసెంబరులో అదే రైతు పొలానికి వెళ్లాం. చల్లగాలి పల్లంలోకి దిగి నిలుస్తుంది కనుక, ఈసారి వాగు పక్కన కాక కాస్త మెరకన, చెట్ల చాటున వేశాం. నాలుగింటికి నేను లేచేసరికి మా శ్రీమతి గాఢనిద్రలో ఉన్నది. ఒక్క క్షణం గుండె ఝల్లుమని, దగ్గరికి వెళ్లి ఊపిరి విన్నాను. తర్వాత లేపాను.

శిఖరం దగ్గరికి రోడ్డు ఉంది. మేం చేరేసరికి లోయలన్నీ మంచుతో నిండి, కొండకొనలు మాత్రం తేలుతున్నాయి. ఎర్రటి అంచు కనబడింది. ఆమె ఏమీ అనలేదు, నా చెయ్యి మాత్రం గట్టిగా పట్టుకుంది.

మన సంఘ సభ్యులెవరైనా వెళ్లదలిస్తే టెంటు, చాపలు, బ్యాగులు మా ఇంటి అటక మీద ఉన్నాయి. అడిగి పట్టుకువెళ్లండి. కుంపటి మాత్రం ఇవ్వను.