వ్యాస సాధన: సెల్లులు టోకుగా కొనాలా, ఒక్కొక్కటిగా కొనాలా?

మీ ఇంట్లో ఇప్పుడు ఎన్ని సెల్లులు పనిచేస్తున్నాయో ఒకసారి లెక్కపెట్టి, తర్వాత ఈ వ్యాసం చదవండి. ఫోను, ల్యాప్‌టాప్, ఇన్వర్టర్ వదిలేయండి. వాడి పారేసేవి మాత్రమే. చాలామంది నాలుగో ఐదో అంటారు. మా ఇంట్లో 20 తేలాయి.

గోడ గడియారాలకు 3, నా టేబుల్ గడియారానికి 1, బీపీ మిషన్‌కి 4, వైర్‌లెస్ మౌస్‌కి 1. ఇవన్నీ పెన్సిల్ సెల్లులు, మొత్తం 9. రెండు రిమోట్లకు సన్న పెన్సిల్ సెల్లులు 4. టార్చికి, రేడియోకి పెద్ద సెల్లులు 4. గ్లూకోమీటర్‌లో బిళ్ల సెల్లు 1. తాతయ్య రెండు చెవి మిషన్లలో 2.

ఈ వారం వ్యాసానికి ఈ అంశం ఎందుకని మీరు అడగవచ్చు. ఎస్సే పేపర్‌లో మూడు గంటల్లో రెండు వ్యాసాలు రాయాలి, 250 మార్కులు. ఇచ్చే అంశాలు పెద్దపెద్ద తత్వాల్లా ఉంటాయి. వాటికి ఉదాహరణలు మాత్రం మన ఇంట్లోంచే రావాలి, లేకపోతే అందరి పేపర్లూ ఒకేలా ఉంటాయి. అందుకే రూపాయిల్లో దొరికే ఒక వస్తువును పట్టుకుని, అది సిలబస్‌లో ఎంత దూరం వెళ్తుందో చూద్దాం.

కొత్తగా చదువుతున్నవారికి ఒక మాట. మాది ఛత్తీస్‌గఢ్, బిలాస్‌పూర్‌లోని లింగియాడీహ్. తాతయ్య శ్రీకాకుళం జిల్లా నుంచి రైల్వే ఉద్యోగానికి ఇక్కడికి వచ్చారు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచీ ఈ దారిన మనవాళ్లు వస్తూనే ఉన్నారు. 2003లో బిలాస్‌పూర్ కేంద్రంగా ఆగ్నేయ మధ్య రైల్వే జోన్ మొదలయ్యేనాటికి తాతయ్య రిటైర్మెంట్‌కు దగ్గరపడ్డారు. ఇంట్లో తెలుగు, వీధిలో ఛత్తీస్‌గఢీ, బడిలో హిందీ, ఇంజినీరింగ్ ఇంగ్లిష్‌లో. మెయిన్స్ పేపర్-ఏకి తెలుగు ఎంచుకున్నాను కాబట్టి వారానికో వ్యాసం ఇలా రాస్తుంటాను.

ముందు లెక్క. ఏడాదిలో మా ఇంటికి ఎన్ని కావాలో ఒక కాగితం మీద వేశాను. గడియారాలకు ఏడాదికి ఒక్కొక్కటి చొప్పున 4. బీపీ మిషన్‌కి రెండుసార్లు మారిస్తే 8. మౌస్‌కి 3. రిమోట్లకు 4. రేడియోకి రెండు నెలలకో జత, 12. టార్చికి 2. ఇవి కలిపితే 33. గ్లూకోమీటర్ బిళ్ల ఒకటి వేసుకుంటే 34. ఇక చెవి మిషన్లు: ఒక సెల్లు సుమారు పది రోజులు వస్తుంది. రెండు చెవులకు ఏడాదికి 72. ఇంట్లో మిగతా వస్తువులన్నీ కలిసి తినేదానికి రెట్టింపు, వేలిగోరంత ఉన్న ఆ రెండు మిషన్లే తింటున్నాయి. కాగితం మీద వేసేదాకా ఇది ఎవరికీ తట్టదు. ఏది ఎక్కువగా ఖర్చవుతోందో తెలియకుండా టోకుగా కొంటే అవసరం లేనివే అటక ఎక్కుతాయి.

రెండో ప్రశ్న: ఏ రకం? సెల్లు మీద ముద్రించిన రకం చూడకుండా ధర ఒక్కటే పోల్చేవాళ్లం చాలామందిమి. మామూలు జింక్-కార్బన్ సెల్లుకు మూలం 1866లో ఫ్రాన్స్‌కు చెందిన జార్జ్ లెక్లాంషే చేసిన ఘటం. ఇందులో బయటి జింక్ డబ్బానే ఋణధ్రువం. అంటే సెల్లు పనిచేసేకొద్దీ దాని గోడే కరుగుతుంది. అయిపోయిన సెల్లును రిమోట్‌లో వదిలేస్తే తెల్లగా కారి స్ప్రింగులు తుప్పుపట్టడానికి ఒక కారణం ఇదే. ఆల్కలైన్ సెల్లులో విద్యుద్విశ్లేష్యం పొటాషియం హైడ్రాక్సైడ్. ఎక్కువ కరెంటును ఎక్కువసేపు ఇవ్వగలదు. కాబట్టి చుక్కచుక్కగా తాగే గోడ గడియారానికి చవక సెల్లు చాలు. గాలి కొట్టే మోటారు ఉన్న బీపీ మిషన్‌కి ఆల్కలైన్ కావాలి. రోజూ వాడే మౌస్‌కి ఛార్జింగ్ సెల్లే మంచిది. టోకుగా కొనేముందు అసలు వాడి పారేసేది కొనాలా అని అడగాల్సింది ఇక్కడే.

చెవి మిషన్‌ది ఇంకో రకం, జింక్-ఎయిర్. దాని వెనుక చిన్న స్టిక్కర్ ఉంటుంది. అది పీకగానే సన్న రంధ్రాల గుండా గాలిలోని ఆక్సిజన్ లోపలికి వెళ్లి చర్య మొదలవుతుంది. ఒకటి రెండు నిమిషాలు ఆగి మిషన్‌లో పెట్టాలి. ఒకసారి పీకాక వాడినా వాడకపోయినా దాని ఆయుష్షు తరుగుతూనే ఉంటుంది. పీకనంతవరకు, చల్లని పొడి చోట ఉంటే, రెండు మూడేళ్లు నిలవ ఉంటుంది. స్టిక్కర్ రంగే సైజు గుర్తు: తాతయ్యవి నారింజ రంగు, అంటే 13 నంబర్.

మూడో ప్రశ్న: ఎన్ని కొనాలి? ఇంజినీరింగ్‌లో ఇండస్ట్రియల్ మేనేజ్‌మెంట్ చదివినవారికి గుర్తుండే ఉంటుంది. 1913లో ఫోర్డ్ హారిస్ అనే ఇంజినీరు ఇచ్చిన సూత్రం. ఏడాది వాడకాన్ని ఒక్కసారి తెప్పించే ఖర్చుతో గుణించి, దాన్ని రెట్టింపు చేసి, ఒక వస్తువును ఏడాది నిలవ ఉంచే ఖర్చుతో భాగించి, వర్గమూలం తీయాలి. వాడకం 72. లింగియాడీహ్ నుంచి అర్పా వంతెన దాటి ఊళ్లోకి వెళ్లి రావడానికి ఆటోకు 60 రూపాయలు. నిలవ ఖర్చు సెల్లుకు 6 రూపాయలు అనుకున్నాను. √(2 × 72 × 60 ÷ 6) = సుమారు 38. అంటే ఆరు నెలలకు ఒకసారి కొంటే చాలు.

కానీ కొట్లో 38 అమ్మరు. ఆరు సెల్లుల అట్ట 240 రూపాయలు, పది అట్టల బాక్సు 1,700. సెల్లు 40 నుంచి సుమారు 28కి దిగుతుంది. ఏడాదికి 840 రూపాయలు మిగులు. సూత్రం 38 అంటోంది, రాయితీ 60 అంటోంది. ఇది తేల్చింది సూత్రమూ కాదు, రాయితీ కూడా కాదు.

ఆ సూత్రంలో ఒక లోపం ఉంది. సరుకు అయిపోతే జరిగే నష్టాన్ని అది లెక్కలోకి తీసుకోదు. హోలీకి ఇక్కడ రెండు రోజులు కొట్లు తెరవరు. పండగ ముందురోజు రాత్రి తాతయ్య "ఒరే, సెల్లు అయిపోనాదిరా" అన్నారు. అట్టలో ఇంకొకటి లేదు. చెవి మిషన్ ఆగితే ఆయన ఇంట్లో ఉండి కూడా ఉండరు. షెడ్డు మోతలో దశాబ్దాలు గడిపిన చెవులవి. ఎవరేమన్నా తల ఊపుతారు. "మాత్ర వేసుకున్నారా మావయ్యా" అని అమ్మ అడిగితే తల ఊపారు. కాఫీ తాగారా అని అడుగుతోందనుకున్నారట. రెండో రోజు సాయంత్రం బీపీ మిషన్ 180 పైన చూపించాక గాని విషయం బయటపడలేదు. డాక్టరు ఫోన్‌లో చెప్పినట్టు చేశాం, మర్నాటికి తగ్గింది. ఆ రాత్రి అమ్మ నిద్రపోలేదు. 40 రూపాయల సెల్లు లేకపోతే కలిగే నష్టం 40 రూపాయలు కాదు. పరీక్ష భాషలో దీన్ని సేఫ్టీ స్టాక్ అంటాం. ఆహార భద్రతలో బఫర్ నిల్వలు, పెట్రోలియంలో వ్యూహాత్మక నిల్వలు ఎందుకో ఒక్క చెవి మిషన్‌తో చెప్పేయవచ్చు.

అయితే 1,700 ఒక్కసారిగా ఎక్కడి నుంచి తేవాలి? నేను సంపాదించను. ప్రిపరేషన్‌లో ఉన్న మనలో చాలామందికి ఇంట్లో డబ్బు అడగడం ఎంత బరువో తెలుసు. పుస్తకానికి అడగవచ్చు, టెస్ట్ సిరీస్‌కి అడగవచ్చు, "ఏడాదికి 840 మిగులుతుంది" అని చెప్పి నెలాఖరులో 1,700 అడగడం కష్టం. ఇక్కడే నాకు ఒక సంగతి అర్థమైంది. మా వీధిలో కూలికి వెళ్లే ఆయన టార్చికి ఒకే ఒక్క సెల్లు కొని, పాతదానితో జతచేసి వాడతాడు. ఆయనకు లెక్క రాక కాదు. రెండు కొనడానికి ఆ రోజు చేతిలో డబ్బు ఉండదు. ఉన్నవాడు తక్కువ ధరకు కొంటాడు, లేనివాడు ఎక్కువ పెడతాడు. సి.కె.ప్రహ్లాద్ దీన్నే పేదరికపు జరిమానా అన్నారు. చౌకగా కొనాలంటే ముందు కొంత డబ్బు ఉండాలి. సబ్సిడీల గురించి రాసేటప్పుడు ఈ ఒక్క వాక్యం గుర్తుపెట్టుకోండి. పేదవాడి అలవాట్లను తప్పుపట్టే వ్యాసం ఎక్కడికీ వెళ్లదు.

మాకు దారి పక్క వీధిలోనే దొరికింది. తాతయ్యతో పనిచేసిన మరో పెన్షనరుకూ 13 నంబర్ సెల్లే. ఇద్దరూ కలిసి ఒక బాక్సు తెప్పించారు. చెరి 850, చెరి 30 సెల్లులు. తాతయ్యకు నెలకు ఆరు కాబట్టి ఐదు నెలలకు సరిపోతాయి. సూత్రం చెప్పిన ఆరు నెలలకు ఇంచుమించు దగ్గరే. రాయితీ వచ్చింది, డబ్బు కట్టుబడలేదు, ఎండాకాలమంతా నిలవ ఉంచే బెడదా తగ్గింది. స్వయం సహాయక సంఘం, సహకార సంఘం, రైతు ఉత్పత్తిదారుల సంస్థ అన్నీ చేసేది ఇంతే: చిన్న కొనుగోళ్లను ఒకచోట చేర్చి పెద్ద కొనుగోలు ధర సాధించడం.

ఇక అసలు ధర గురించి. టోకు రాయితీ మీద ఎంత బేరమాడినా, దానికి పునాది అయిన ఎమ్మార్పీ ఎలా నిర్ణయమైందన్నది వేరే ప్రశ్న. కాంపిటీషన్ కమిషన్ 2018 ఏప్రిల్ 19న ఇచ్చిన ఉత్తర్వు ఈ సబ్జెక్టులో ముఖ్యమైన కేసు. జింక్-కార్బన్ డ్రై సెల్లుల మార్కెట్‌లో ఎవరెడీ, ఇండో నేషనల్, పానసోనిక్ ఎనర్జీ ఇండియా కలిసి ధరలు నిర్ణయించుకున్నాయని కమిషన్ తేల్చింది. ఎవరెడీకి 171.55 కోట్లు, ఇండో నేషనల్‌కు 42.26 కోట్ల జరిమానా వేసింది. సమాచారం తానే ముందుకొచ్చి ఇచ్చినందున పానసోనిక్‌కు జరిమానా పూర్తిగా మినహాయించింది. ఉత్తర్వుపై అప్పీళ్లూ వెళ్లాయి. కాంపిటీషన్ చట్టం, 2002లో సెక్షన్ 3 కింద కార్టెల్ నిషేధం, సెక్షన్ 46 కింద ఈ మినహాయింపు. నోట్స్‌లో రాసుకోండి.

ఇండో నేషనల్ అంటే మనకు నిప్పో. నెల్లూరులో ఫ్యాక్టరీ ఉన్న కంపెనీ. తాతయ్య ఇన్నేళ్లూ రేడియోకి "మన నెల్లూరు సెల్లు" తప్ప వేరేది కొననిచ్చేవారు కాదు. ఈ ఉత్తర్వు గురించి చెబితే కాసేపు ఆలోచించి, "మనోళ్లైనా లెక్క లెక్కేరా" అన్నారు. ఎథిక్స్ పేపర్‌లో నిష్పాక్షికతకు ఇంతకంటే మంచి నిర్వచనం నాకు దొరకలేదు. కొట్లో మూడు బ్రాండ్లు కనిపించినంత మాత్రాన పోటీ ఉన్నట్టు కాదన్నది ఇందులోని ఆర్థిక శాస్త్రం.

చివరిది, అయిపోయిన సెల్లు సంగతి. 2001 నాటి బ్యాటరీ నిబంధనలు లెడ్-యాసిడ్ బ్యాటరీలకే పరిమితం. 2022 ఆగస్టులో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నిబంధనలు మన పెన్సిల్ సెల్లు సహా అన్ని రకాలకూ వర్తిస్తాయి. వాడేసినవాటిని సేకరించి రీసైక్లింగ్ చేయించే బాధ్యత ఉత్పత్తిదారుడిది. మిగతా చెత్తలో కలపకుండా విడిగా ఇవ్వాల్సిన బాధ్యత మనది. పోర్టబుల్ సెల్లుల్లో పాదరసం బరువులో 5 పీపీఎం, కాడ్మియం 20 పీపీఎం దాటకూడదు. పాదరసంపై మినమాటా ఒప్పందం 2017లో అమల్లోకి వచ్చింది, భారత్ 2018లో ఆమోదించింది.

నిబంధన కాగితం మీద బాగుంది. నేను కొన్ని కొట్లలో అడిగాను. ఒకాయన నవ్వి, చెత్త బండిలో వేసేయమన్నాడు. ప్రస్తుతం మా ఇంట్లో ఒక హార్లిక్స్ సీసా నిండుతోంది. ఏడాదికి వందకు పైగా సెల్లులు వాడే ఒక ఇంటికే ఒక సీసా అయితే, ఒక కాలనీకి ఎంత? ఒక జిల్లాకు ఎంత? రేపు మనలో ఎవరైనా మున్సిపల్ కమిషనర్ కుర్చీలో కూర్చుంటే మొదట అడగాల్సిన ప్రశ్నల్లో ఇదొకటి: అమ్మిన ప్రతి కొట్లోనూ తిరిగి తీసుకునే డబ్బా ఎందుకు లేదు?

ఆచరణకు నాలుగు మాటలు. ముందు ఏడాది వాడకం రాసుకోండి. తయారీ నెల, గడువు చూసి కొనండి. ప్యాకెట్ మీద ఒక్కోదాని ధర చూడండి, 2021 సవరణతో యూనిట్ ధర ముద్రించాలన్న నిబంధన వచ్చింది. ఒక పరికరంలో పాత, కొత్త సెల్లులు కలపకండి. ఇంట్లో పెద్దవారి ప్రాణంతోనో మాటతోనో ముడిపడిన సెల్లు ఏదైనా ఉంటే, దానికి మాత్రం ఒక అట్ట ఎప్పుడూ అదనంగా ఉంచండి.

ఈ వారం మీకు సాధన ప్రశ్న: "చౌకగా కొనగలగడం కూడా ఒక ఆస్తే." వెయ్యి పదాలు, గంటన్నర సమయం. ఉదాహరణ మీ ఇంట్లోంచే తీసుకోండి.