వడ్లకు లెక్కున్న గాలి

సూర్యాపేటలో నేను మొదట చూసింది ఒక పాత పెంకుటిల్లు. నడిమింట నిలబడి తలెత్తితే ఆకాశం కనబడుతుంది. నాలుగు వైపులా అర్రలు, వాటి ముందు వసారా. ప్రతి దర్వాజ మీద చెక్క చట్రంలో ఇనుప చువ్వలు బిగించిన వెంటిలేటర్. మిట్టమధ్యాహ్నం ఎండ గచ్చు మీద మండుతున్నా, లోపలి అర్రలో కూర్చుంటే ఊపిరి బరువనిపించలేదు. వేడెక్కిన గాలి తేలికై వెంటిలేటర్లలోంచి, పెంకుల సందుల్లోంచి పైకి పోతుంటుంది. ఆ జాగాలోకి వసారా వైపు నుంచి కొత్త గాలి వచ్చి చేరుతుంటుంది. మోటారు లేదు, మీట లేదు. రాత్రి ఉక్కపోస్తే ఏం చేసేవాళ్లని ఇంటి పెద్దమ్మనడిగాను. “వాకిట్ల మంచాలేసుకునేటోళ్లం బిడ్డా, గాలి కోసం ఎన్నడు ఎతుక్కోలె” అన్నది.

ఆమె మనవడి కుటుంబం అదే పట్టణంలో ఒక ఫ్లాట్‌లో ఉంటుంది. పడకగది పదడుగులు, పన్నెండడుగులు. స్ప్లిట్ ఏసీ, పక్కకు జరిపే యూపీవీసీ కిటికీ, అందమైన ఫాల్ సీలింగ్. వెంటిలేటర్ ఉండాల్సిన చోట నున్నగా పూసిన గోడ. భార్యాభర్తలు, పిల్లవాడు రాత్రి పదికి తలుపేసుకుంటే మళ్లీ తీసేది పొద్దున్నే. “లేవంగనే తల దిమ్ముగ ఉంటదన్నా. ఏసీ బయటి గాలే కదా ఇచ్చేది, మరెందుకట్ల?” అని ఆ ఇంటి కోడలు అడిగింది.

ఇవ్వదు. స్ప్లిట్ ఏసీకి బయట పెట్టిన డబ్బా లోపలి వేడిని తీసుకెళ్లి బయట పారబోస్తుంది, అంతే. రెండింటి మధ్య రాగి గొట్టాల్లో తిరిగేది గ్యాసు. గదిలో ఉన్న గాలినే లోపలి డబ్బా పీల్చి, చల్లబరిచి, మళ్లీ గదిలోకే వదులుతుంది. రాత్రంతా ఆ ముగ్గురూ వదిలిన గాలినే ఆ ముగ్గురూ పీలుస్తారు.

ఎంత గాలి, ఎంతసేపు? నాతో వచ్చిన మిత్రుడు కోదాడలో మెకానికల్ ఇంజినీరింగ్ పాఠాలు చెబుతాడు. అక్కడే కూర్చుని కాగితం మీద లెక్క వేశాడు. గది ఎత్తు పదడుగులనుకుంటే అందులో పట్టే గాలి 1,200 ఘనపుటడుగులు, అంటే సుమారు 34,000 లీటర్లు. నిద్రలో పెద్దవాళ్లు ఒక్కొక్కరు గంటకు పదమూడు లీటర్ల దాకా బొగ్గుపులుసు వాయువు వదులుతారు. పిల్లవాడితో కలిపి గంటకు 35 లీటర్లు. బయటి గాలిలో అది పది లక్షల్లో 420 పాళ్లుంటుంది. గదికి సందే లేకపోతే గంటకు వెయ్యి పాళ్ల చొప్పున పెరుగుతుంది. తలుపు కింద, కిటికీ అంచుల్లో కొంత కారుతుంది కాబట్టి, మూడు గంటలకోసారి గదిలోని గాలికి సమానమైన గాలి మారుతుందనుకున్నాం. అప్పుడు కూడా ఎనిమిది గంటల్లో 3,300 పాళ్లకు చేరుతుంది. ఆ వాయువు ఆ మోతాదులో విషమని చెప్పడం కాదిది. మనం వదిలిన ఊపిరి గదిలోనే నిలిచిందని చెప్పే గుర్తు. దానితోపాటే చెమట తేమ, పెయింటు వాసన, పిల్లవాడికి జలుబుంటే ఆ క్రిములు కూడా నిలుస్తాయి.

ఇంటి గాలికి నమూనా కట్టడమంటే ఇదే. గదిని ఒక పెట్టెగా తీసుకుని లోపల పుట్టేదెంత, బయటి నుంచి వచ్చేదెంత, బయటికి పోయేదెంత అని గంట గంటకూ జమాఖర్చు రాయడం. గదులు ఎక్కువైతే పెట్టెలు ఎక్కువవుతాయి, వాటి మధ్య రాకపోకలు పెరుగుతాయి. అమెరికాలో ప్రభుత్వ ప్రమాణాల సంస్థ నిస్ట్ ఈ పని కోసమే కంటామ్ అనే సాఫ్ట్‌వేర్ తయారుచేసి ఉచితంగా ఇస్తోంది. చిన్న ఇంటికైతే ఎక్సెల్ షీటు సరిపోతుంది.

సూర్యాపేట నుంచి విజయవాడ హైవే మీద నలభై కిలోమీటర్ల పైచిలుకు వెళితే కోదాడ. అక్కడ కడుతున్న ఇల్లొకటి చూడటానికే ఈ ప్రయాణం. యజమాని రిటైరైన టీచరు. కూతురు డాలస్‌లో ఉంటుంది. “మా బిడ్డ ఇంట్ల ఏ రూముల చూసినా ఏసీ డబ్బా కనబడదు సార్. పైన గ్రిల్ ఉంటది, అంతే. మనం గూడ గట్లనే పెట్టిద్దామన్నది” అన్నారాయన. మూడు పడకగదుల 1,500 చదరపుటడుగుల ఇంటికి మూడు టన్నుల డక్టబుల్ ఏసీ తెప్పించారు. స్లాబు కింద రేకు డక్టులు వేలాడుతున్నాయి. ఫాల్ సీలింగ్ పని ఇంకా మొదలుకాలేదు. చెప్పదలుచుకున్నదేదైనా ఉంటే చెప్పడానికి అదే అదను.

డక్టు ఏసీ కూడా తిప్పేది లోపలి గాలినే. కానీ దానికొక గుణముంది. ఒకే పెద్ద ఫ్యాను అన్ని గదులకూ గాలి పంచి, అన్ని గదుల నుంచీ వెనక్కి లాగుతుంది. ఆ వెనక్కి లాగే వైపు, అంటే రిటర్న్ డక్టుకు, బయటి నుంచి ఒక చిన్న గొట్టం కలిపితే అదే ఫ్యాను కొత్త గాలిని కూడా లాక్కుని ఇల్లంతా పంచుతుంది. అమెరికాలో బిల్డింగ్ సైన్స్ కార్పొరేషన్‌లో పనిచేసిన ఆర్మిన్ రడ్ ఈ పద్ధతిని ఏళ్ల తరబడి ఇళ్లల్లో పరీక్షించి, తీర్చిదిద్ది, జనంలోకి తెచ్చాడు. గొట్టానికి మోటారుతో తెరుచుకుని మూసుకునే డాంపర్, ఫ్యానుకు ఒక టైమర్ కావాలి. చల్లదనం అక్కర్లేని వేళ కూడా టైమర్ ఫ్యానును కాసేపు తిప్పుతుంది. గాలి చాలినంత వచ్చాక డాంపర్ మూసుకుంటుంది.

చాలినంత అంటే ఎంత? అమెరికన్ ఇంజినీర్ల సంఘం ఆష్రే ఇళ్ల కోసం రాసిన 62.2 ప్రమాణంలో తేలికైన సూత్రముంది. ఇంటి వైశాల్యాన్ని 0.03తో గుణించి, పడకగదుల సంఖ్యకు ఒకటి కలిపి 7.5తో గుణించి, రెండూ కూడాలి. ఈ ఇంటికి 45, 30 కలిపి నిమిషానికి 75 ఘనపుటడుగులు. ఏసీ మేస్త్రీల మాటలో 75 సీఎఫ్‌ఎం. మూడు టన్నుల ఏసీ ఫ్యాను టన్నుకు 400 చొప్పున 1,200 సీఎఫ్‌ఎం తిప్పుతుంది. ప్రతి అరగంటలో పది నిమిషాలు ఫ్యాను తిరిగి, ఆ పది నిమిషాలూ 225 సీఎఫ్‌ఎం బయటి గాలి లాగితే సగటున లెక్క సరిపోయింది.

మిత్రుడు లాప్‌టాప్ తెరిచి, సిమెంటు బస్తాల మీద పెట్టుకుని గదుల వారీగా నమూనా కట్టాడు. ఇంట్లో నలుగురు నిద్రపోతుంటే మొత్తం ఇంటి సగటు 830 పాళ్ల దగ్గర నిలిచింది. పెద్ద పడకగదికి వాటాగా వచ్చిన 15 సీఎఫ్‌ఎం కొత్త గాలి మాత్రమే అందితే, అందులోని ఇద్దరి ఊపిరితో అక్కడి పాళ్లు 1,400 దాటాయి. ఫ్యాను ఇల్లంతా గాలిని కలగలిపితే అదే గది 950కి దిగింది. హాలు, వంటగది రాత్రి ఖాళీ. అక్కడి మంచి గాలిని పడకగదికి తెచ్చిపెట్టేది ఆ కలగలుపే. ఫ్యాను ఆగిన ఇరవై నిమిషాల్లో పెరిగేది 200 పాళ్లు, తిరగ్గానే తగ్గుతుంది.

“కరెంటు బిల్లో సార్?” అని ఏసీ మేస్త్రీ అడిగాడు. అడగాల్సిన ప్రశ్నే. అర కిలోవాటు ఫ్యాను రోజులో మూడో వంతు తిరిగితే నాలుగు యూనిట్లు. ఎండాకాలం ఏసీ ఎట్లాగూ నడుస్తుంది కాబట్టి అదనం కొద్దిగానే ఉంటుంది. వేగం తగ్గించుకునే మోటారు పెడితే ఖర్చు బాగా పడిపోతుంది, ఎందుకంటే వేగం సగమైతే ఫ్యాను తినే కరెంటు లెక్క ప్రకారం ఎనిమిదో వంతుకు వస్తుంది. మే నెలలో 42 డిగ్రీల గాలి లోపలికి తెచ్చి 26కు చల్లార్చడానికి టన్నులో అయిదో వంతు చాలు. అసలు జాగ్రత్త పడాల్సింది వానాకాలంలో. కంప్రెసర్ ఆగాక కూడా ఫ్యాను తిరుగుతుంటే కాయిల్ మీది నీరు మళ్లీ ఆవిరై ఇంట్లోకే వస్తుంది, బయటి తేమ దానికి తోడవుతుంది. ఆ రోజుల్లో టైమర్ తగ్గించుకోవాలి. ఏసీ అక్కర్లేని చలికాలంలో కిటికీ తెరవడమే మేలు. ఇక దుమ్ము. హైవే పక్క ఊళ్లో బయటి గాలి ఫిల్టర్ దాటే లోపలికి రావాలి. గాలి లాగే నోరు జెనరేటరుకు, వంటింటి పొగకు, బండి నిలిపే చోటుకు దూరంగా ఉండాలి.

ఒకే ఫ్యానుతో గాలి పంచే పని వడ్ల మిల్లుల్లోనూ ఉంది. అది చూద్దామని కోదాడ నుంచి హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడ వెళ్లాం. సాగర్ ఎడమ కాల్వ కింద పండిన వడ్లు ఈ రోడ్డు మీద కదులుతాయి. ఊరి పొలిమేర నుంచే మిల్లుల గొట్టాలు కనబడతాయి. ఉప్పుడు బియ్యం చేసే మిల్లులో వడ్లను వేడినీళ్లలో నానబెట్టి, ఆవిరి పట్టి, డ్రయ్యరుకు ఎక్కిస్తారు. ఊకతో మండే బాయిలర్ ఆవిరి రేడియేటర్ గొట్టాల్లో తిరుగుతుంది, ఒక పెద్ద బ్లోయర్ ఆ గొట్టాల మీదుగా గాలిని తోస్తుంది. ఒక్క ఫ్యాను, ఒక్క ఎత్తైన కట్టడం, అందులో టన్నుల కొద్దీ వడ్లు. ఏ మూల గింజకు గాలి తక్కువైనా లాటు పాడైనట్టే.

అమెరికాలోని లూసియానా స్టేట్ యూనివర్సిటీలో పుట్టిన ఈ డ్రయ్యరును ఇక్కడ ఎల్‌ఎస్‌యూ అంటారు. శుభ్రం చేయడానికి ఖాళీ చేసిన ఒకదాని లోపలికి తొంగిచూశాను. ఇంటి కప్పులా వంచిన రేకులు అడ్డంగా, వరస మీద వరస. గింజలు వాటి మీది నుంచి జారుకుంటూ దిగితే, రేకు కింద గాలికి దారి మిగులుతుంది. ఒక వరస దారులన్నీ వేడి గాలి వైపు తెరుచుకుని ఉన్నాయి, అవతలి కొస మూసి ఉంది. దాని కింది వరస సరిగ్గా ఎదురు: వేడి గాలి వైపు మూత, బయటికి పోయే వైపు తెరుపు. పై వరసలోంచి వచ్చిన గాలి గింజల మధ్య దూరి, తేమ తీసుకుని, కింది వరసలోంచి బయటపడక తప్పదు.

డ్రయ్యరు చూసుకునే పెద్దమనిషి నడుస్తున్న రెండోదాని నుంచి పిడికెడు వడ్లు తీసి, ఒక గింజ పంటికింద పెట్టి కొరికాడు. “ఇంక పచ్చిగనే ఉన్నది” అని చెప్పి, మాయిశ్చర్ మీటరులో కూడా చూపించాడు. ఎక్కించినప్పుడు మూడో వంతుకు పైగా ఉన్న తేమ 14 శాతానికి దిగాలి. ఒక్క ఊపున దించితే గింజ పగిలి నూకవుతుంది, అందుకే మధ్యలో ఆపి, నిలవబెట్టి, మళ్లీ ఆరబెడతారు. వంపు రేకుల సంగతి అడిగితే చెప్పాడు: “లోపలికి కొట్టుడు పెద్ద పని గాదు సార్. పొయ్యే తొవ్వ మూసుకపోతె బ్లోయర్ ఎంత తిరిగినా గాలి అడుగు ముంగటికి వోదు.”

ఆ మాటతో మా నమూనా మళ్లీ తెరవాల్సి వచ్చింది. కోదాడ ఇంట్లో రిటర్న్ గ్రిల్ హాల్లో ఒక్కటే ఉంది. పడకగదుల తలుపులు నేలకు ఆనేలా చేయిస్తున్నారు. రాత్రి తలుపేస్తే గదిలోకి వచ్చిన గాలికి వెనక్కి పోయే దారుండదు. గదిలో ఒత్తిడి పెరిగి గ్రిల్‌లోంచి వచ్చే గాలే తగ్గిపోతుంది, మేం కట్టిన 950 కాగితం మీదే మిగులుతుంది. మిత్రుడు అక్కడి నుంచే టీచరుగారికి ఫోన్ చేశాడు. ప్రతి పడకగదికీ దర్వాజ మీద జాలీ పెట్టించమన్నాడు. “అంటే మా నాయిన కట్టిచ్చిన ఇంట్ల ఉన్నట్టు వెంటిలేటరే గదా, వడ్రంగికి ఇయ్యాల్నే చెప్త” అన్నారాయన.

కిటికీలకు మన దగ్గరా ఒక నియమముంది. కేంద్ర ఇంధన పొదుపు సంస్థ బీఈఈ 2018లో తెచ్చిన ఎకో నివాస్ సంహిత ప్రకారం, తెరుచుకునే కిటికీల వైశాల్యం ఇంటి నేల వైశాల్యంలో మిశ్రమ వాతావరణ ప్రాంతాల్లో 12.5 శాతం, తేమతో కూడిన వేడి ప్రాంతాల్లో 16.66 శాతం ఉండాలి. అదే పాళ్లను సూర్యాపేటలో చూసిన 120 చదరపుటడుగుల గదికి వేస్తే తక్కువలో తక్కువ 15 చదరపుటడుగులు. పక్కకు జరిపే రెండు పలకల కిటికీ సగమే తెరుచుకుంటుంది కాబట్టి, దానికి 30 చదరపుటడుగుల కిటికీ పెడితే తప్ప లెక్క కుదరదు. తలుపులు మూసి ఏసీలో పడుకునే రాత్రికి ఈ నియమం కూడా చాలదు. గాలికి వేరే ఏర్పాటుండాలి.

వడ్లు నూకైతే మిల్లరుకు నష్టం, అందుకే అక్కడ ప్రతి వరసకూ వచ్చే దారీ, పోయే దారీ లెక్క ఉంది. అదే లెక్క పిల్లలు పడుకునే గదికి ఎందుకు వద్దు? డక్టు ఏసీ పెట్టే స్తోమత ఉన్నవాళ్లకు ఒక గొట్టం, ఒక డాంపర్, ఒక టైమర్ అదనం. స్ప్లిట్ ఏసీతో సరిపెట్టుకునేవాళ్లకు తలుపు మీద జాలీ, బాత్రూం గోడకు చిన్న ఎగ్జాస్ట్ ఫ్యాను, హాల్లో కొద్దిగా తెరిచిన కిటికీ చాలు. ప్లాన్ గీసే ఇంజినీరును ప్రతి పడకగది మీదా రెండు బాణాలు గీయమని అడగండి: గాలి ఎటు నుంచి వస్తుంది, ఎటు పోతుంది. ఆ రెండోది గీయలేకపోతే ఫాల్ సీలింగ్ మేస్త్రీని పిలవకండి.