పాచిపెంట కొండదారి, నాలుగు టైర్లు

ఆంధ్రప్రదేశ్ పటం తీసి ఈశాన్యపు మూల చూడండి. విజయనగరం నుంచి ఒక రోడ్డు బయలుదేరి గజపతినగరం, రామభద్రపురం మీదుగా సాలూరు చేరుతుంది. అంతవరకూ అది బుద్ధిగా నడిచే రోడ్డే. సాలూరు దాటి పాచిపెంట మండలంలోకి అడుగుపెట్టగానే దానికి ఎదురుగా తూర్పుకనుమలు నిలబడతాయి. అక్కడినుంచి అది పాము మాదిరిగా మెలికలు తిరుగుతూ పైకి ఎక్కి, సుంకి దగ్గర ఒడిశాలో ప్రవేశించి, పొట్టంగి మీదుగా కోరాపుట్ చేరుకుంటుంది. ఇది 26వ నంబరు జాతీయ రహదారి. పూర్వం దీన్నే 43వ నంబరు అనేవారు.

పాచిపెంట 2022 వరకూ విజయనగరం జిల్లాలో ఉండేది. ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలోది. జయపురం రాజుల కాలంలో వాళ్ల రాజ్యానికి దక్షిణపు దారి ఇదే. అంచేత పాచిపెంట జమీందారులకు ‘దక్షిణ కవాట యువరాజు’ అనే బిరుదు ఉండేది. కవాటం అంటే తలుపు. ఇప్పుడు జమీందారులూ లేరు, జయపురం రాజులూ లేరు. ఆ తలుపు దగ్గర కాపలా ఉన్నది సాలూరులోని టైర్ల దుకాణాలవాళ్లేనని నాకు అనిపిస్తుంది. ఎందుకో చెబుతాను, వినండి.

సాలూరు లారీల ఊరు. అక్కడ లారీలకు బాడీలు కట్టేవాళ్లు, కమాను పట్టీలు సరిచేసేవాళ్లు, అరిగిన టైర్లకు కొత్త రబ్బరు అంటించేవాళ్లు రోడ్డు పొడుగునా కనిపిస్తారు. కొండ ఎక్కబోయే లారీ అక్కడ ఒకసారి ఆగి, చక్రాలు తట్టి చూసుకుని గాని కదలదు.

కిందటి శ్రావణమాసంలో మా మేనల్లుడు విశాఖపట్నం నుంచి తన కొత్త కారులో మా ఇంటికి వచ్చాడు. కొత్తదంటే అతనికి కొత్త. ఇంకెవరో కొన్నేళ్లు తోలి అమ్మిన బండి. ఎర్రటి స్పోర్ట్సు కారు. ముందు రెండు సీట్లు, వెనక పిల్లలు మాత్రమే పట్టే చిన్న బెంచీ. నేలకు ఎంత దగ్గరగా ఉన్నదంటే, అందులోకి ఎక్కడం కాదు, దిగాలి. వెనక బెంచీ మీద అతని పదేళ్ల కూతురు ఉన్నది. దాని తల్లికి కోరాపుట్‌లో ఉద్యోగం. పదిహేను రోజులకొకసారి అమ్మను చూడటానికి ఆ పిల్ల ఈ కొండ ఎక్కవలసిందే. నన్ను కూడా రమ్మన్నారు. సరేనని బయలుదేరాను.

కోనవలస దాటాక సన్నగా వాన పట్టింది. ఎడమవైపు కొండ, కుడివైపు లోయ. మేము ఒక మలుపు తిరుగుతూ ఉండగా కారు వెనక భాగం ఉన్నట్టుండి పక్కకు జారింది, చేప తోక ఆడించినట్టు. ఎదురుగా కిందికి దిగుతున్న లారీ గట్టిగా హారను కొట్టింది. మేనల్లుడు నెమ్మదిగా స్టీరింగు సరిచేసుకున్నాడు. ఎవరికీ ఏమీ కాలేదు. కాని ఒక ఫర్లాంగు దూరం ఎవరమూ మాట్లాడలేదు.

‘‘మావయ్యా, వెనక్కి పోదాం,’’ అన్నాడతను.

నేను సంతోషంగా ఒప్పుకున్నాను.

సాలూరులో ఒక దుకాణం ముందు ఆగాం. అరవై దాటిన పెద్దాయన బయటికి వచ్చి, కారును కాదు, వంగి టైర్లను చూశాడు. వెనక టైరు చాళ్లలోకి వేలు పోనిచ్చి, ‘‘పాపా, ఇలా రా. ఇక్కడ చెయ్యి పెట్టు,’’ అని పిల్లను పిలిచాడు.

టైరు మీద నాగటి చాళ్ల లాంటి గీతలు ఉంటాయి గదా? ఆ చాళ్ల అడుగున అక్కడక్కడ చిన్న చిన్న రబ్బరు గట్లు ఉంటాయి. వాటి ఎత్తు 1.6 మిల్లీమీటర్లు. టైరు అరిగి అరిగి పై రబ్బరు ఆ గట్లకు సమానమైతే దాని ఆయుష్షు తీరినట్టే. మా వెనక టైర్లలో ఆ రెండింటి మధ్యా తేడా వేలికి తెలియడం లేదు. మీ ఇంట్లో మోటారు వాహనం ఉంటే మీరూ ఈ గట్లను వెతకండి. కనిపెట్టడం కష్టమేమీ కాదు.

‘‘నున్నటి టైరు ఎందుకు పనికిరాదు? పందెం కార్లకు నున్నటి టైర్లే వేస్తారని నాన్న చెప్పాడుగా?’’ అని అడిగింది పిల్ల.

మంచి ప్రశ్న. పొడి రోడ్డు మీద నున్నటి టైరే గట్టిగా పట్టుకుంటుంది. ఎక్కువ రబ్బరు నేలకు తగులుతుంది గనక. కాని రోడ్డు మీద నీళ్లున్నప్పుడు, ఆ నీళ్లు చక్రం కింది నుంచి ఎటైనా పోవాలి. చాళ్లుంటే వాటివెంట పోతాయి. లేకపోతే టైరుకూ రోడ్డుకూ మధ్య పల్చటి నీటిపొర నిలిచి, చక్రం దాని మీద తేలుతుంది. అరిగిన హవాయి చెప్పులతో తడి బండల మీద నడిచి చూసినవాళ్లకు ఇది వివరించనక్కర్లేదు. అందుకే పందెం కార్లకు కూడా వాన వస్తే చాళ్లున్న టైర్లు మారుస్తారు.

ఇంకొక లెక్క చెబుతాను. మా కారు, మేము, సామాను కలిపి 1500 కిలోలు అనుకోండి. ఒక్కొక్క చక్రం మీద 375 కిలోలు. టైరులో గాలి చదరపు అంగుళానికి 33 పౌన్లు, అంటే చదరపు సెంటీమీటరుకు సుమారు 2.3 కిలోలు. 375ను 2.3తో భాగించండి. దాదాపు 160 చదరపు సెంటీమీటర్లు వస్తుంది. ఇంచుమించు అంత మేరే ఒక టైరు నేలను తాకుతుంది. పోస్టుకార్డు వైశాల్యం 126. అంటే, అంత బరువున్న కారూ, దాని వేగమూ, లోపలి మనుషులూ పోస్టుకార్డు కన్నా కాస్త పెద్దవైన నాలుగు రబ్బరు ముక్కలను నమ్ముకుని లోయ పక్కన తిరుగుతున్నారన్నమాట!

పిల్ల ఆ లెక్క విని, ఎదుటి దుకాణంలో నిజంగానే ఒక పోస్టుకార్డు సంపాదించి తెచ్చి, టైరు పక్కన నేలమీద పెట్టి చూసింది.

‘‘సరే, కొత్తవి ఏవి వేద్దాం?’’ అన్నాడు మేనల్లుడు. అతని మనసులో ఇదివరకే ఒక రకం ఉన్నది. పందెపు మైదానాల్లో వాడే టైర్లకు తమ్ముడి వంటివి, మెత్తటి రబ్బరువి, చాళ్లు తక్కువవి. చూడటానికి బహు అందంగా ఉంటాయి. ఫోనులో బొమ్మ చూపించాడు.

పెద్దాయన బొమ్మ చూడనేలేదు. ‘‘ఈ బండి ఏ రోడ్డు మీద తిరుగుతాది బాబూ?’’ అని అడిగాడు.

‘‘వైజాగులో. పదిహేను రోజులకొకసారి ఈ ఘాటు.’’

‘‘వానల్లో కూడానా?’’

‘‘వానల్లో కూడా.’’

‘‘మరి, ఆ టైర్లు బాగా వేడెక్కితేగాని పట్టవు. మన ఘాటులో లారీ వెనక ఇరవై మైళ్ల స్పీడున పోతావు. ఎక్కడ వేడెక్కుతాయి? పైన వాన, కింద చల్లని రోడ్డు. వద్దు.’’

మేనల్లుడికి కొంచెం మనసు చివుక్కుమన్నది. అది నాకు తెలిసింది. అతను చిన్నప్పటి నుంచి ఇటువంటి కారు కోసం కలలు కన్నవాడు.

‘‘అయితే జీపుకు వేసేలాంటి లావు టైర్లు వేస్తే? గోతుల్లో దెబ్బ తగలదు,’’ అన్నాను నేను, తెలిసినట్టు. పెద్దాయన నవ్వాడు. లావు టైరు ఈ కారు చక్రపు గూటిలో పట్టదనీ, స్టీరింగు తిప్పితే గూడుకు రాసుకుంటుందనీ, చక్రం చుట్టుకొలత మారితే స్పీడు చూపే ముల్లు కూడా అబద్ధం చెబుతుందనీ అన్నాడు. నేను ఆ పైన సలహాలు ఇవ్వలేదు.

తరవాత ఆయన టైరు గోడ మీది అక్షరాలు పిల్లచేత చదివించాడు. 225/45 ఆర్ 17, 91 డబ్ల్యు. ఇది రహస్య లిపి కాదు. టైరు వెడల్పు 225 మిల్లీమీటర్లు. గోడ ఎత్తు ఆ వెడల్పులో నూటికి 45 వంతులు, అంటే సుమారు 10 సెంటీమీటర్లు, బెత్తెడు కన్నా కాస్త ఎక్కువ. ఆర్ అంటే రేడియల్. లోపలి దారాలు ఒక అంచు నుంచి ఇంకొక అంచుకు అడ్డంగా, సూటిగా ఉంటాయి. ఫ్రాన్సులోని మిషెలిన్ కంపెనీ 1946లో ఈ పద్ధతికి పేటెంటు తీసుకుంది. 17 అనేది చక్రపు అంగుళాలు. 91 అంటే ఒక్కొక్క టైరు 615 కిలోలు మోయగలదు. డబ్ల్యు అంటే గంటకు 270 కిలోమీటర్ల వేగం దాకా తట్టుకుంటుంది. పాచిపెంట కొండ మీద ఆ వేగం ఎందుకని మీరు నవ్వవచ్చు. కాని కారు చేసినవాళ్లు అడిగిన బరువుకూ వేగానికీ తక్కువ రకం టైరు వేయకూడదు. అటువంటి టైరు ఆ కారు తిరిగే తీరుకూ, బ్రేకు పట్టే బలానికీ తట్టుకునేలా చేసింది కాదు.

ఇంకొక చోట కోడిగుడ్డు ఆకారపు గడిలో నాలుగు అంకెలు ఉంటాయి. అవి టైరు పుట్టినరోజు. ఆ దుకాణంలోనే మూలన సరిగ్గా ఇదే కొలతవి రెండు టైర్లు, ఒక్కసారి కూడా వాడనివి, సగం ధరకు ఉన్నాయి. అంకెలు 3117. అంటే 2017లో 31వ వారం.

‘‘కొత్తవేగా! ఇవి వేసేద్దాం,’’ అన్నాడు మేనల్లుడు.

పెద్దాయన తల అడ్డంగా ఊపాడు. రబ్బరు నిలవ ఉన్నా ముసలిదవుతుంది. గాలీ ఎండా తగిలి గట్టిపడుతుంది. గట్టి రబ్బరు తడి రోడ్డును పట్టదు. తన సరుకు తానే వద్దన్న వ్యాపారిని చూసి నాకు ఆశ్చర్యం వేసింది. ఆయన కొడుకు కాబోలు, బల్ల దగ్గర కూర్చున్న యువకుడు మాత్రం ముఖం తిప్పుకున్నాడు.

చివరికి తేలినది ఇది: వాననీళ్లు పోయేందుకు లోతైన చాళ్లున్న మామూలు రోడ్డు టైర్లు, అదే కొలతవి, విశాఖపట్నం నుంచి తెప్పించాలి. మూడు రోజులు పడుతుంది. నాలుగా, రెండా? ముందువి సగమే అరిగాయి. మేనల్లుడి దగ్గర నాలుగింటికి డబ్బు చాలదు. రెండే కొంటే అవి వెనకకే వేయాలని పెద్దాయన ఖచ్చితంగా చెప్పాడు. ముందు చక్రాలు జారితే కారు మలుపు తిరగక తిన్నగా పోతుంది. కాలు తీసి నెమ్మదిస్తే మళ్లీ పట్టు దొరకవచ్చు. వెనక చక్రాలు జారితే కారు బొంగరంలా తిరుగుతుంది. దాన్ని ఆపడం అనుభవమున్నవాళ్లకే కష్టం.

కారు అక్కడే వదిలేసి మేము ముగ్గురం మరునాడు బస్సులో కోరాపుట్ వెళ్లాం. నన్నడిగితే ఆ కొండను చూడవలసిందే బస్సు కిటికీలోంచి. స్పోర్ట్సు కారులో నాకు ఎదుటి లారీ ఇరుసు తప్ప ఏమీ కనిపించలేదు. బస్సులో నుంచి కింద పాచిపెంట పొలాలు, చింతచెట్లు, జీడితోటలు, దూరాన కొండల మీద మబ్బులు, నెత్తిన బుట్టలతో సంతకు దిగే కొండదొరల, జాతాపుల ఆడవాళ్లు కనిపించారు. ఒక లారీ ఎక్కలేక ఆగింది. వెంటనే క్లీనరు కుర్రాడు కిందికి దూకి వెనక చక్రం కింద రాయి పెట్టాడు. వాన తవ్విన గోతుల దగ్గర బస్సు టైర్లు మెత్తగా దిగి లేచాయి. బస్సు టైరు గోడ ఎత్తయినది, దెబ్బను తాగేస్తుంది. బెత్తెడు గోడ ఉన్న మా టైరయితే గోతి అంచు నేరుగా ఇనుప చక్రానికి తగిలి ఉండేది. దీనికి మందు టైరులో లేదు, నడిపేవాడి కాలులో ఉన్నది.

మూడోనాడు మేనల్లుడూ నేనూ సాలూరు దిగి వచ్చాం. టైర్లు వచ్చి ఉన్నాయి. పిల్ల లేదు గనక అంకెలు నేనే చదివాను. రెండూ నాలుగు నెలల కిందట పుట్టినవే. వాటిని చక్రాలకు ఎక్కించి, తూకం సరిచేసి, గాలి 33 పెట్టారు. మేము డబ్బిచ్చి కొండ వైపు తిరగబోతుంటే పెద్దాయన అడ్డం వచ్చాడు.

‘‘ఇప్పుడే ఘాటు ఎక్కకండి. కొత్త టైరు మీద నున్నటి పొర ఉంటాది. అది పోయేదాకా జారుతాది. నూరు కిలోమీటర్లు కింద తిరిగి రండి.’’

ఎండలో విజయనగరం దాకా వెళ్లి, అక్కడ మధ్యాహ్నం భోజనం చేసి, తిరిగి వచ్చాం. అనుకోకుండా నాకు మంచి భోజనం దొరికింది.

సాయంత్రం కొండ ఎక్కుతుంటే మళ్లీ వాన. ఆ మలుపు దగ్గరపడింది. మేనల్లుడు ముందే గేరు తగ్గించి, నడక వేగంతో తిప్పాడు. వెనక భాగం కదలలేదు. అతను ఏమీ అనలేదు, కాని చాలాసేపు అద్దంలో వెనక్కి చూశాడు. ముందు టైర్లు రెండూ దీపావళికి మార్చాలని సుంకి దగ్గర టీ తాగుతూ తనంతట తనే అన్నాడు.

మరునాడు పొద్దున్నే కోరాపుట్‌లో పిల్ల గాలి కొలిచే గొట్టం తెచ్చి టైర్లకు పెట్టింది. ఎంత చూపించాలో మీరు చెప్పగలరా? కోరాపుట్ సముద్రమట్టానికి దాదాపు 870 మీటర్ల ఎత్తున ఉన్నది. పైకి పోయినకొద్దీ బయటి గాలి పల్చబడుతుంది గనక గొట్టం ఒక పౌను ఎక్కువ చూపాలి. కాని పైన చల్లగా ఉంటుంది. చల్లబడితే టైరులోని గాలి ముడుచుకుంటుంది గనక ఇంచుమించు ఒక పౌను తగ్గాలి.

పిల్ల తన పోస్టుకార్డు తీసింది. టైరు పక్కన పెట్టినప్పుడు దానికి అంటిన మసి ఇంకా అలాగే ఉన్నది. దాని మీద సాలూరు దుకాణం చిరునామా రాసి, కింద ఇలా రాసింది: ‘‘తాతగారికి నమస్కారాలు. మీరు 33 పెట్టారు. ఇక్కడ కూడా 33 ఉంది. ఈసారి తోక ఆడలేదని నాన్న చెప్పాడు.’’